అరవై సెంట్ల గరుసు నేలలో నీడ: అనంతపురం శివారు కాలనీ పార్కు కేస్ స్టడీ

నేను కాలనీలకు, స్కూళ్లకు, ఆసుపత్రులకు చెట్ల పెంపకం, పార్కుల ఏర్పాటు మీద సలహాలిచ్చే పని చేస్తాను. రాయలసీమలో ఈ పని చేసేవాళ్లందరికీ ఒకే ఫిర్యాదు వినిపిస్తుంది: ప్రతి ఏడూ మొక్కలు నాటుతున్నాం, ప్రతి ఎండాకాలం చచ్చిపోతున్నాయి. కారణం అడిగితే నీళ్లు చాలవంటారు. ఈ కేసులోనూ అదే మాట చెప్పారు. తవ్వి చూస్తే వేరే సంగతి బయటపడింది, అందుకే వివరంగా రాస్తున్నాను. కాలనీ పేరు, మనుషుల పేర్లు, గుర్తుపట్టే ఆనవాళ్లు వదిలేశాను.

స్థలం, మనుషులు

అనంతపురం ఊరి అంచున పాత లేఅవుట్ ఇది. ఎక్కువ ఇళ్లు రిటైరైన ఉద్యోగులవి. పిల్లలు బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఉంటారు. పొద్దున పాలబండి, సాయంత్రం స్కూలు ఆటోలు తప్ప పెద్ద చప్పుడుండదు. లేఅవుట్ నిబంధనల ప్రకారం వదిలిన ఖాళీ స్థలం ఒకేచోట సుమారు అరవై సెంట్లు ఉంది. గిఫ్ట్ డీడ్ ద్వారా అది ఎప్పుడో మున్సిపాలిటీ చేతికి వెళ్లింది. కాగితం మీద పార్కు. నేను చూసేనాటికి సగం కంపచెట్లు, ఒక మూల ఇంటి కట్టడాల చెత్త, మధ్యలో పిల్లల క్రికెట్ పిచ్. పడమటి అంచున పెద్ద వేపచెట్టు, తూర్పు వైపు గేటు పెట్టాలనుకున్న చోట కానుగ చెట్టు. నేల పడమర నుంచి తూర్పుకు మెల్లగా వాలింది. పై రోడ్డు మీద పడిన వాన నీరంతా ఈ స్థలంలోంచే కింద వంకలోకి పోతుంది.

అనంతపురం వాన గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే తర్వాతి నిర్ణయాలన్నీ దాని మీదే ఆధారపడ్డాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. పడమటి కనుమల వాననీడలో ఉన్నాం కాబట్టి జూన్, జూలైలో మనకు వాన కంటే గాలే ఎక్కువ. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. నిజమైన వాన సెప్టెంబరు, అక్టోబరుల్లో పడుతుంది.

వాళ్లు అడిగింది

కాలనీ సంఘం వాళ్లు ఫోన్‌లో ఒక ఫోటో చూపించారు. బెంగళూరులో ఏదో అపార్ట్‌మెంట్ పార్కు: పచ్చటి లాన్, చుట్టూ టైల్స్ దారి, మధ్యలో ఫౌంటెన్. అలాంటిదే కావాలన్నారు. సంఘం అధ్యక్షుడు రిటైరైన టీచరు. ఆయన మాటల్లోనే చెప్పాలంటే, "మూడేండ్లుగా నాటుతున్నాం సార్. ఎండాకాలం వస్తానే అన్నీ పోతాండాయి. బోరు ఇంకా లోతు వేయించమంటే వేయిస్తాం, మొక్కలు మాత్రం నిలబడాల."

మూడేళ్లలో వాళ్లు చేసింది తక్కువేం కాదు. మొదటి ఏడు పర్యావరణ దినోత్సవం నాడు, అంటే జూన్ 5న, ఇంటికో మొక్క చొప్పున నాటారు. రెండో ఏడు చందాలు వేసుకొని గోదావరి ప్రాంతంలోని కడియం నర్సరీల నుంచి నిలువెత్తు మొక్కలు లారీలో తెప్పించారు. మూడో ఏడు ప్రహరీ వెంట కోనోకార్పస్ అనే, త్వరగా పెరిగే విదేశీ చెట్టును వరసగా వేశారు. బతికింది ఆ కోనోకార్పస్ ఒక్కటే. దాంతో సగం మంది పార్కంతా అదే వేద్దామనే నిర్ణయానికి వచ్చేశారు.

చచ్చిన మొక్కలను తవ్వి చూడటం

కొత్త మొక్కల జాబితా రాసే ముందు పాతవి ఎందుకు పోయాయో తెలియాలి. ఎండిన మొక్కలను కొన్నింటిని వేళ్లతో సహా పైకి తీయించాను. రెండు రకాలుగా కనబడ్డాయి.

కడియం మొక్కల వేరు చుట్టూ గోదావరి ఒండ్రుమట్టి ముద్ద అలాగే ఉంది. అది గట్టిపడి, పగుళ్లిచ్చి, రాయిలా అయ్యింది. చుట్టూ ఉన్నది మన ఎర్ర గరుసు. రెండు మట్టులు ఎక్కడా కలవలేదు. పోసిన నీరు ముద్ద పక్కనుంచి జారి కిందికి పోయింది, ముద్ద లోపల పొడి. పైగా సంచిలో చాలాకాలం ఉన్న వేళ్లు గుండ్రంగా చుట్టుకుపోయి ముద్ద దాటి బయటికి రాలేదు. ఆ నర్సరీల తప్పేమీ లేదు. గోదావరి నేలలో, అక్కడి నీటితో అదే మొక్క హాయిగా పెరుగుతుంది. ఇక్కడి నేలకూ ఆ మట్టికీ పొత్తు కుదరలేదు, అంతే.

రెండో రకం నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసింది. జూన్‌లో నాటిన చిన్న మొక్కల వేళ్లు కొన్ని నల్లబడి, పట్టుకుంటే తోలు ఊడి వచ్చాయి. ఎండిన వేరు అలా ఉండదు. కుళ్లిన వేరు అలా ఉంటుంది. గుంతలను కొలిస్తే అన్నీ అడుగున్నర దగ్గర ఆగిపోయాయి. అక్కడ పలుగు ఎగిరిపడే గట్టి పొర ఉంది. తవ్వినవాళ్లు అంతవరకు తవ్వి, పొర తగలగానే ఆపేశారు. ఒక సాయంత్రం ఆ గుంతల నిండా నీళ్లు పోయించాం. మర్నాడు పొద్దునకు కొన్నింటిలో నీరు దాదాపు అంతే ఉంది. అడుగు లేని కుండలా ఉండాల్సిన గుంత ఇక్కడ అడుగున్న కుండయింది. అక్టోబరు వానల్లో నీరు నిలిచి వేళ్లు కుళ్లాయి. మిగిలిన కొద్ది వేళ్లు ఆ అడుగున్నర మట్టిలోనే ఇరుక్కుని మార్చి కల్లా మాడిపోయాయి.

అనంతపురంలో మొక్క నీరెక్కువై చచ్చిందంటే సంఘం మీటింగులో ఎవరూ నమ్మలేదు. అందుకే మాటలు ఆపి, నీళ్లు నిలిచిన గుంతల దగ్గరికే అందరినీ తీసుకెళ్లాను. ఆ తర్వాత బోరు లోతు గురించిన చర్చ ఆగిపోయింది. బోరు నీరు ఎలాగూ అక్కరకొచ్చేది కాదు. పరీక్ష చేయిస్తే ఉప్పు ఎక్కువగా ఉంది, కుళాయి కింద తెల్లపొర కనబడుతూనే ఉంది.

స్థలమంతా గడ్డపారతో

డిజైన్ గీయకముందే స్థలమంతా వరసలుగా గడ్డపారతో గుచ్చి చూశాం. ఎక్కడ మూడడుగుల దాకా దిగుతుందో, ఎక్కడ అడుగుకే ఆగుతుందో ఒక కాగితం మీద గుర్తు పెట్టాం. ఖర్చు రెండు కూలీలు. నా లెక్కలో ఈ ప్రాజెక్టు మొత్తంలో ఎక్కువ విలువైన పని అదే. పడమర, వాయవ్యం వైపు నేల లోతుగా ఉంది. ఈశాన్య మూల దాదాపు రాయి. పిల్లల పిచ్ ఉన్న చోట కూడా గట్టిగానే ఉంది. పిల్లలకు ఆ సంగతి ముందే తెలుసు, బంతి ఎగిరే చోటే వాళ్లు వికెట్లు పాతారు.

దాంతో ఒక పెద్ద తగువు దానంతటదే తీరింది. క్రికెట్‌ను పార్కులోంచి తీసేయాలని కొందరు పట్టుబట్టారు. చెట్టు రాని నేలను పిల్లలకు వదలడంలో ఎవరికీ నష్టం లేదని మ్యాప్ చూపించాను. ఒప్పుకున్నారు.

పడమర వైపు లోతైన నేల ఉండటం అదృష్టమే. ఈ కాలనీ వాళ్లు బయటికి వచ్చేది పొద్దున ఆరుకూ, సాయంత్రం ఐదు తర్వాతా. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రపు ఎండ పడమర నుంచి, కాస్త ఉత్తరం వైపు ఒరిగి వస్తుంది. అంటే కూర్చునే బెంచీకి, నడిచే దారికి పడమర, వాయవ్యం వైపున చెట్టుంటేనే నీడ మనిషి మీద పడుతుంది. చాలా పార్కుల్లో బెంచీలు అందంగా చుట్టూ పరిచేస్తారు, సాయంత్రం సగం బెంచీలు ఖాళీగా కాలుతూ ఉంటాయి. అనంతపురం అక్షాంశంలో ఏప్రిల్ చివర మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి మీదే ఉంటాడు. ఆ వేళకు నీడ చెట్టు కిందే, పక్కకు రాదు. ఆ వేళలో ఎవరూ రారు కాబట్టి దాని గురించి డిజైన్‌లో ఆలోచించలేదు.

లాన్ లెక్క

లాన్ వద్దని నేరుగా చెబితే ఎవరూ వినరు. లెక్క చెప్పాను. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీరంటే ఒక లీటరు. మన ఎండాకాలంలో గడ్డి పచ్చగా ఉండాలంటే రోజుకు కనీసం ఐదు మిల్లీమీటర్లు కావాలి. వెయ్యి చదరపు మీటర్ల లాన్‌కు రోజుకు ఐదు వేల లీటర్లు. అంటే రోజుకొక ట్యాంకర్, మార్చి నుంచి వానలు వచ్చేదాకా. ఇళ్లకు కుళాయి నీరు రోజు మార్చి రోజు వచ్చే చోట ఇది అడగడానికే మనసొప్పదు.

అదే కాగితం కింద ఇంకో లెక్క రాశాను. అరవై సెంట్లంటే సుమారు 2,430 చదరపు మీటర్లు. ఒక్క మంచి వాన, 25 మిల్లీమీటర్లు పడితే, ఆ స్థలం మీద పడేది దాదాపు అరవై వేల లీటర్లు. పన్నెండు ట్యాంకర్లు. పై రోడ్డు నుంచి వచ్చేది అదనం. ఆ నీరంతా గంటలో వంకలోకి పోతోంది. డబ్బు బోరు మీద కాక కందకాల మీద పెట్టాలన్నది ఈ లెక్క వల్లే తేలింది.

మొదట చేసినవాటిలో నిలవనివి

డ్రిప్ వేశాం. బోరు నీటి ఉప్పుకు డ్రిప్పర్లు ఒక ఎండాకాలంలోనే మూసుకుపోయాయి. ఫిల్టరు పెట్టి యాసిడ్‌తో కడగొచ్చు, కానీ ఆ పని ఎవరు చేస్తారు? తోట రైతు చేస్తాడు, కాలనీ సంఘం చేయదు. ఉడతలు, కుక్కలు పైపులు కొరకడం వేరే కథ. తీసేశాం.

మల్చింగ్‌కు, అంటే తడి ఆరకుండా మొక్క చుట్టూ నేలను కప్పడానికి, వేరుశనగ పొట్టు వేశాం. మన జిల్లాలో చవగ్గా దొరికేది అదే కాబట్టి సహజంగా తోచిన ఎంపిక. ఆషాఢం గాలికి సగం లేచిపోయి ఇళ్ల వాకిళ్లలో పడింది. మిగిలినదానికి చెదలు పట్టి, అక్కణ్నుంచి లేత మొక్కల కాండం దాకా వచ్చాయి. ఆడవాళ్ల తిట్లు కూడా న్యాయమే, రోజుకు రెండుసార్లు వాకిలి ఊడవాల్సి వచ్చింది.

మరొకటి చేయకుండా ఆపింది. కాలనీ చివర తాగునీటి ఆర్‌ఓ ప్లాంటు ఉంది. వాళ్లు వదిలేసే నీరు ఉచితంగా వస్తుంది, పార్కుకు మళ్లిద్దామని ఒక యువకుడు చాలా ఉత్సాహంగా ప్రతిపాదించాడు. ఆలోచన మంచిదే అనిపిస్తుంది. కానీ ఆ నీరు బోరు నీటి ఉప్పంతా కుదించినది. రెండేళ్లు పోస్తే నేల పైన బూడిద రంగు పొర కట్టి, నీరు ఇంకడమే మానేస్తుంది. ఒకసారి పాడైన మట్టిని ఇంత తక్కువ వానలో కడగడం చాలా కష్టం. ఒప్పుకోలేదు.

పనిచేసింది

గుంతలను మూడడుగుల లోతు తీయించాం. గట్టి పొరను పూర్తిగా పగలగొట్టి, కింద నీరు ఇంకుతుందో లేదో ఒక్కోదాన్నీ నింపి చూశాకే మట్టి నింపాం. ఇంకని గుంతను వదిలేశాం, అక్కడ మొక్క పెట్టలేదు. నింపడానికి తవ్విన మట్టి, దగ్గరి చెరువు పూడిక, పశువుల ఎరువు కలిపాం. పూడిక ఎక్కువైతే కడియం ముద్ద కథే మళ్లీ వస్తుంది కాబట్టి మూడో వంతు దాటనివ్వలేదు.

ప్రతి గుంత అంచున నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్క, కింది సగానికి రంధ్రాలు పెట్టి, నిలువుగా దింపాం. లోపల గులకరాళ్లు. నీరు పైపులో పోస్తే నేరుగా వేళ్ల దగ్గరికి పోతుంది. పైన ఆవిరి కాదు, వేరు కూడా నీటి కోసం కిందికి దిగుతుంది. ఎండాకాలంలో పది రోజులకోసారి చెట్టుకు నలభై లీటర్లు. అరవై చెట్లకు 2,400 లీటర్లు. లాన్‌కు ఒక్కరోజుకు కావాల్సినదాంట్లో సగంతో చెట్లన్నీ పది రోజులు గడిపేస్తాయి.

పొట్టు బదులు మల్చింగ్‌కు గుంతల్లోంచి వచ్చిన గరుసు రాళ్లనే వాడాం. గాలికి లేవవు, చెదలు పట్టవు, కింద పదును, అంటే మట్టిలోని తడి, చాలారోజులు నిలుస్తుంది. ఎండకు రాయి కాగుతుంది కాబట్టి కాండానికి జానెడు దూరంలో ఆపాం.

నాటేది సెప్టెంబరులో, ఒక పెద్ద వాన పడ్డాకే అని గట్టిగా చెప్పాను. జూన్‌లో నాటిన మొక్క మొదటి రెండు నెలలు గాలితో పోరాడుతుంది. సెప్టెంబరులో నాటింది అక్టోబరు వానలు, చలికాలపు చల్లదనం వాడుకుని మార్చికల్లా వేళ్లు దించుతుంది. జూన్ 5 కార్యక్రమం పోతుందని కొందరు బాధపడ్డారు. ఆ రోజు గుంతలు తవ్వే కార్యక్రమం పెట్టుకోమన్నాను, పెట్టుకున్నారు. ఎండకు గుంతలు కాగడం కూడా మంచిదే.

మొక్కలు మన నర్సరీల నుంచే, రెండు మూడడుగులవి. పడమర వరసకు వేప, కానుగ. మధ్యలో నారేప, పొగడ, రేల. నీరు చేరే తూర్పు కందకం చివర నేరేడు. నారేప మీద సంఘంలో గొణుగుడు ఉండేది, రెండేళ్లు పైకి కదలదు. అది ముందు వేరును దించుకుని తర్వాతే లేస్తుంది. మేకలు తినవని గన్నేరు కంచె అడిగారు. దాని ప్రతి భాగమూ విషమే, పిల్లలు ఆడే చోట వేయనన్నాను. అడ్డసరం వేశాం, దాన్నీ మేకలు ముట్టవు. మొక్కల చుట్టూ ఇనుప ట్రీగార్డుల బదులు అక్కడే కొట్టిన ముళ్లకంప కట్టాం. మేక రాదు, గాలి విరుగుతుంది, ఎవరూ ఎత్తుకుపోరు.

వాలుకు అడ్డంగా కందకాలు తవ్వి, మట్టిని కింది వైపు కట్టగా వేశాం. నీరు నిలిచే కందకంలో కాక కట్ట పక్కన నాటాం. పొంగిన నీరు పోయేందుకు రాళ్లు పేర్చిన దారి వదిలాం. గడ్డి కావాలన్న వాళ్ల కోసం కింది కందకం పక్కన గరిక పరిచాం. ఎండాకాలం అది ఎర్రబడుతుందని, చచ్చిపోలేదని, వానకు మళ్లీ లేస్తుందని ముందే చెప్పాను. చెప్పకపోయుంటే మొదటి ఏప్రిల్‌లోనే పీకేసేవాళ్లు.

కోనోకార్పస్‌ను వెంటనే కొట్టలేదు. దాని వేళ్లు డ్రైనేజీ పైపుల్లోకి పోతాయని, గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడం నిషేధించిందని చెప్పాను. కానీ ఆ రోజు అక్కడున్న పచ్చదనమంతా అదే. అది పోతే జనం పార్కు మీద ఆశ వదులుకుంటారు. దాని లోపలివైపున కానుగ వరస పెంచి, కానుగ మనిషెత్తు దాటాక వరసలో ఒకటి విడిచి ఒకటి తీస్తూ వచ్చాం.

పైపుల్లో నీరు పోసే బాధ్యత సంఘం వాళ్లు ఒక వేరుశనగ రైతు కుటుంబం నుంచి వచ్చిన ఆమెకు అప్పగించారు. నా పద్ధతిని సరిచేసింది ఆమే. పది రోజుల లెక్క చూసి పోయకుండా, రాళ్లు పక్కకు జరిపి వేలు దింపి చూసేది. "పైతడి చూసి మోసపోవద్దు సార్, లోపల పదునుంటే ఎందుకు పోసేది?" అంది. చలికాలంలో సగం నీరు ఆమె వల్లే మిగిలింది. ఇప్పుడు నేను ఏ పనిలోనూ రోజుల లెక్క రాసివ్వను. ఎలా చూడాలో నేర్పిస్తాను.

నేల కాక మిగతా తగువులు

మధ్యలో ఒక చిన్న గుడి కడదామన్న ప్రతిపాదన వచ్చింది. ఇది సున్నితమైన విషయం, నేను అభిప్రాయం చెప్పలేదు. గిఫ్ట్ డీడ్‌లో పార్కు అని రాసుందని, బెంగళూరులో పార్కు స్థలాన్ని నర్సింగ్‌హోమ్‌కు ఇచ్చిన కేసులో సుప్రీంకోర్టు 1991లోనే అది చెల్లదని చెప్పిందని మాత్రం గుర్తుచేశాను. వేపచెట్టు చుట్టూ అరుగు కట్టుకున్నారు. వినాయక చవితి పందిరి అక్కడే వేస్తారు. అరుగును కాండానికి ఆనించి సిమెంటుతో బిగించొద్దని, ఆరడుగుల ఎడం వదలమని చెప్పి నిలబడి కట్టించాను. పెద్దచెట్లను చంపేది చాలాచోట్ల ఆ సిమెంటే.

గేటు కోసం కానుగను కొట్టాలని కాంట్రాక్టరు గీసిన ప్లానులో ఉంది. గేటును పక్కకు జరిపాం.

పాముల భయం నిజమైనది, దాన్ని కొట్టిపారేయకూడదు. దారికి రెండు వైపులా కొన్ని అడుగుల దాకా పొదలు లేకుండా చూశాం, దీపాలను దారి మీదికి దించాం. దీపాలు వచ్చాకే ఆడవాళ్లు చీకటి పడ్డాక కూడా నడవడం మొదలుపెట్టారు. పచ్చదనం కంటే వాళ్లను రప్పించింది ఆ వెలుతురే. దారిని టైల్స్ బదులు గరుసు పరిచి రోలర్‌తో తొక్కించాం. చవక, తక్కువ కాగుతుంది, నీరు ఇంకుతుంది. ఒక్క ఇబ్బంది, మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు వానాకాలంలో జారుతుంది. వాళ్ల కోసం గేటు నుంచి వేప అరుగు దాకా మాత్రం గరుకు పలకలు వేశాం.

వేరే పనులకు తీసుకెళ్తున్నవి

కొటేషన్ ఇచ్చేముందు గుంత తవ్వి, నీళ్లు పోసి, రాత్రంతా వదిలి చూడకుండా ఇప్పుడు ఏ కాలనీ పనీ ఒప్పుకోను. నేల మారితే ఈ పద్ధతీ మారుతుంది. కర్నూలు వైపు నల్లరేగడిలో ఇవే గుంతలు తీస్తే వేరే సమస్య, అక్కడ నేల ఎండకు నోరు తెరుస్తుంది, వానకు ఉబ్బుతుంది. కాబట్టి మూడడుగులు, నలభై లీటర్లు అన్న అంకెలను ఎవరూ అలాగే ఎత్తుకుపోవద్దు. పరీక్షను తీసుకెళ్లండి. రెండోది, పార్కు ఎవరు ఏ వేళలో వాడతారో చూశాక నీడ గీయాలి. మొక్కల పేర్లు చివర వస్తాయి.

ఇప్పటి పరిస్థితి

మూడో ఎండాకాలం దాటింది. అరవైలో పది పన్నెండు పోయాయి, ఎక్కువ పొగడలే. పోయినచోట వేపనే వేశాం. పడమర వరస నీడ సాయంత్రం ఐదుకు దారి మీద పడుతోంది. రాళ్ల కింద తేలు కనబడిందని ఒకసారి గొడవైంది. పిల్లలు తిరిగే వైపు రాళ్లు తీసేసి అక్కడ ఎండుటాకులు వేయిస్తున్నాం, చెదల మీద కన్నేసి. తీరనిది ఒకటుంది: సంఘం కార్యవర్గం మారబోతోంది, కొత్తవాళ్లలో ఇద్దరు మళ్లీ లాన్ మాట ఎత్తారు. నీళ్లు పోసే ఆమె జీతం ఇప్పటికీ నెలనెలా చందాల మీదే నడుస్తోంది. దాన్ని ఇంటికింత అని ఏడాదికోసారి ముందే వసూలు చేసే పద్ధతికి మార్చాలని, వచ్చే జనరల్ బాడీ మీటింగులో లాన్ లెక్కనూ చెట్ల లెక్కనూ ఒకే కాగితం మీద పెట్టాలని టీచరుగారితో మాట్లాడుకున్నాం.